కడగని రెక్క

మే 19, ఆదివారం

నా రాత బాగుండదు. తప్పులూ ఉంటాయి. బడికి వెళ్ళాల్సిన రోజుల్లో సగం మా దీవిలో చిన్నచేపలు ఎండబెడుతూ గడిచిపోయాయి. అందుకని గీతలు ఎక్కువున్న కష్టమైన అక్షరాలు రావాల్సిన చోటల్లా బడిలో మొదట నేర్పే చిన్నపిల్లల అక్షరాలే రాస్తాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరికి క్షమాపణ చెప్పుకుంటున్నానో తెలియదు. చెప్పుకుంటే మాత్రం చెయ్యి కాస్త కుదుటపడింది.

ఇవాళ ఆయన నాతో పెద్ద మాట మాట్లాడారు. అందుకే ఈ పుస్తకం కొన్నాను.

"సుమియో, నీ చెయ్యి చూపించు. చిన్నదే. లోపలికి పడుతుంది. ఒకసారి వస్తావా?"

పెళ్ళయి ఆరు నెలలు. ఆయన పడవల మరమ్మతు యార్డుకి వెళ్తారు, వస్తారు, తింటారు, ఆరు చాపలు పట్టేంత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. నేను గుమ్మం దగ్గర బార్లీ టీ పెట్టి వచ్చేస్తాను. లోపల ఏముందో తలుపు సందులోంచి చూడటమే.

ఇవాళ లోపలికి వెళ్ళాను. సబ్బు రంగులో ముక్కలు ముక్కలుగా విమానం. రెండేళ్ళుగా చెక్కతో మూస చెక్కి, దాని మీద రబ్బరు అచ్చు తీసి, అందులో రెసిన్ అనే చిక్కటి ద్రవం పోసి, గట్టిపడ్డాక తీసి ఒక్కొక్క ముక్కా చేశారట. అసలు విమానంలో ముప్పైరెండో వంతు. అయినా రెక్కలు రెండూ కలిపితే నాలుగడుగులు. యుద్ధంలో నౌకాదళం వాళ్ళు మా ఈ సముద్రపాయ మీదే దించిన నీటి విమానం అది. దాని పొట్ట లోపల పక్కటెముకల్లాంటివి అతికించాలి. ఆయన చెయ్యి పట్టదు.

నా చెయ్యి మోచేతి దాకా విమానం పొట్టలోకి వెళ్ళింది. ఆయన టార్చి పట్టుకున్నారు. ఆయన తల నా తలకి తగిలింది. ఇద్దరమూ పక్కకి జరగలేదు.

మే 26, ఆదివారం

అచ్చులోంచి వచ్చిన రెక్క ఎండిన స్క్విడ్ లాగా వంకర తిరిగి ఉంది. వేడినీళ్ళలో పెడితే మెత్తబడుతుంది, అప్పుడు చెక్కకి కట్టి చన్నీళ్ళు పోస్తే తిన్నగా అవుతుంది. అంత పెద్ద గిన్నె ఏ ఇంట్లో ఉంటుంది? స్నానాల తొట్టిలో వేశాం.

అత్తయ్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి తొట్టిలోకి చూసింది.

"ఈ ఇంట్లో మొదటి స్నానం మగవాడిది. ఆ తర్వాత నాది. ఇప్పుడు రెక్కగారిదా?"

"అరగంట అమ్మా," అన్నారు ఆయన.

"వీపు కూడా రుద్దరాదూ? ఏమే సుమియో, నువ్వు రుద్దు. దానికైనా నీ చేత్తో సేవ దక్కనీ."

నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను. ఆయన నవ్వారు. ఆయన పళ్ళు అంత చక్కగా ఉంటాయని తెలియదు.

ఈ విమానం మా ఊళ్ళోని మనబే తాతగారి కోసం. యుద్ధంలో ఇక్కడ వీటికి మెకానిక్‌గా పనిచేశారు. ప్రతి ఆగస్టులో పాత మిత్రులంతా కలుస్తారు. ఇప్పుడు పదకొండు మందే మిగిలారు, ఈ ఏడాదితో ఆఖరు అనుకున్నారట. ఆగస్టు పదిన బల్ల మీద ఆ విమానం ఉండాలని తాతగారి కోరిక. కళ్ళలో పొరలు. "పెద్దది చెయ్యి నాయనా, నా చూపంతా వేలికొసల్లోకి దిగిపోయింది," అన్నారట. ఈయన మాట ఇచ్చారు. ఇచ్చిన మాట ఈయనకి అన్నం కంటే ఎక్కువ.

జూన్ 9

అన్నం కుక్కర్ మూత తీస్తే ఆవిరి ముఖానికి కొట్టింది. పెరట్లోకి పరిగెత్తాను. రెసిన్ వాసన అన్నానికి పట్టినట్టుంది. గది వంటింటి పక్కనే కదా.

మే నెలలో రాలేదు. నీళ్ళు మారితే ఆలస్యమవుతుందని మా అమ్మ అనేది. నాకు నీళ్ళు మారింది నవంబరులో. అయినా.

జూన్ 14

భోజనాల దగ్గర ఆయన అత్తయ్యతో చెప్తుంటే విన్నాను. యార్డులో రంగులు వేసే అతని భార్య నెల తప్పిందట. అన్నం డబ్బా ఇవ్వడానికి వస్తే మేస్త్రీ గేటు దగ్గరే ఆపి పంపేశాడట.

"మంచిపని చేశాడు," అన్నారు ఆయన. "కడుపుతో ఉన్నవాళ్ళు ఆ దుమ్ముకీ వాసనకీ దగ్గర్లో ఉండకూడదు. నేనైతే గుమ్మం కూడా తొక్కనివ్వను."

అత్తయ్య నా వైపు చూసిందో, నా వెనక ఉన్న గడియారం వైపు చూసిందో తెలియలేదు.

నాకు నీళ్ళు మారాయంతే.

జూన్ 16, ఆదివారం

రోజంతా శాండ్‌పేపరు పట్టాం. నీళ్ళలో ముంచి పట్టాలి, అప్పుడు దుమ్ము లేవదు. చిన్న పీటల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. చిన్నప్పుడు ఫెర్రీ ఎక్కి మా దీవికి వచ్చానని చెప్పారు. "చేపల వాసన. ముక్కు మూసుకున్నాను. క్షమించు," అన్నారు. "నాకూ ఇక్కడ రెసిన్ వాసన," అన్నాను. నేనే అన్నాను. నా గొంతే.

మాస్కు వేసుకునే చేశాను. రెండు మాస్కులు, ఒకదాని మీద ఒకటి. జలుబు అని చెప్పాను.

జూన్ 22, శనివారం

ఇవాళ నా పని కడగడం. ముక్క అచ్చులోంచి ఊడి రావడానికి లోపల ఒక జిడ్డు పూస్తారు. కంటికి కనపడదు. అది మిగిలితే రంగు పట్టదు. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే పొడి, పాత టూత్‌బ్రష్. "ఇది నీ చేతుల్లో పెడుతున్నాను," అని చెప్పి యార్డుకి వెళ్ళారు. నా చేతుల్లో.

పొట్ట రెండు భాగాలూ కడిగాను. తోక కడిగాను. నాలుగు ఇంజన్లూ సందు సందునా కడిగాను. ఎడమ రెక్క కడిగాను. కుడి రెక్క తీసుకునేసరికి స్నానాలగది గోడలు తిరిగాయి. నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు. అత్తయ్య గేట్‌బాల్ ఆట నుంచి వచ్చిన చప్పుడైంది. రెక్క మీద ఉత్త నీళ్ళు గుమ్మరించి, తుడిచి, పేపరు మీద ఆరబెట్టాను.

ఆరాక రెండు రెక్కలూ ఒకేలా ఉన్నాయి. రేపు పొద్దున్నే లేచి కడుగుతాను.

జూన్ 23

ఆయన నాకంటే ముందు లేచారు. నేను వెళ్ళేసరికి రెక్కలు రెండూ పొట్టకి అతికించేశారు. ఇక అది స్నానాలగది గుమ్మంలో పట్టదు.

"అన్నీ కడిగావా?"

"కడిగాను."

జూలై 6, శనివారం

మనబే తాతగారు కర్ర ఊతంతో వచ్చారు. సోమెన్ సేమ్యా కట్ట తెచ్చారు.

"కొత్త కోడలివా? దీవి పిల్లవట. ఈత వచ్చా?"

"వచ్చండీ."

"అయితే మా దళంలో చేర్చుకునేవాళ్ళం. విమానం దిగగానే మెడలోతు నీళ్ళలోకి దిగి, దానికి చక్రాలు కట్టి ఒడ్డుకి లాగాలి. ఫిబ్రవరిలో కూడా. కాళ్ళున్నాయో లేవో తెలిసేది కాదు."

"మా కోడలు నీళ్ళలో దిగితే చేపలకి సిగ్గు నేర్పుతుంది," అంది అత్తయ్య.

తాతగారు విమానాన్ని వేళ్ళతో చూశారు. పొట్ట మీద చాలాసేపు. "నీటి విమానానికి పొట్టే ప్రాణం. ఎక్కడో సన్నని సందు ఉంటుంది, ఎవరికీ కనపడదు. నీళ్ళు చేరతాయి. పైకి బాగానే ఉంటుంది. లేవబోతే లేవదు."

తర్వాత కుడి రెక్క. ఆయన వేళ్ళు ఒకచోట ఆగాయి.

"ఇక్కడ కాస్త జారుతోంది."

"ఎక్కడ?" అన్నారు మా ఆయన.

"ఏమోలే. నా వేళ్ళకి చెమట."

నేను టీ పోయడానికి వంటింట్లోకి వచ్చేశాను. వచ్చాక కెటిల్లో నీళ్ళు పొయ్యలేదని చాలాసేపటికి చూసుకున్నాను.

జూలై 7

జూన్‌లోనూ రాలేదు. ఇది నీళ్ళ వల్ల కాదు. నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసేమో.

చెప్పాలి. చెప్తే సంతోషిస్తారు. సంతోషించి తలుపు వేస్తారు. మళ్ళీ నేను గుమ్మం బయట టీ గ్లాసుతో.

విమానం పూర్తయ్యేదాకా ఆగుతాను. ఇంకెన్ని రోజులు. ఈ ఆలోచన తప్పా? తప్పే. కానీ పీట మీద ఎదురుగా కూర్చున్నప్పుడు తప్పులా అనిపించదు. లేచి వచ్చాక అనిపిస్తుంది.

జూలై 20, శనివారం

వానలు వెళ్ళిపోయాయి. గాలిలో తేమ ఉంటే రంగు తెల్లబారుతుందని ఇన్నాళ్ళూ ఆగారు. ఇవాళ కొట్టారు. రంగు వేసే రోజు నన్నూ రావద్దన్నారు. పెరట్లో బట్టలు ఆరేస్తూ కిటికీలోంచి చూశాను. పైన ముదురు ఆకుపచ్చ, కింద బూడిద. చూస్తుండగానే సబ్బుముక్క విమానమైపోయింది. నిలువెల్లా చెమటతో బయటికొచ్చి, "బాగుందా?" అని నన్నే అడిగారు. అత్తయ్యని కాదు.

ఏమీ కాలేదు. రెక్క బాగానే ఉంది. అంత జిడ్డు లేదేమో. ఉత్త నీళ్ళకే పోయిందేమో.

జూలై 30

ఊడిపోయింది.

ఎర్రటి గుండ్రం గుర్తు వెయ్యడానికి చుట్టూ టేపు అంటించారు. వేశారు. నన్ను పిలిచి, "చూడు, ఇదే అన్నిటికంటే బాగుండే ఘడియ," అని టేపు లాగారు. టేపుతో పాటు రంగు వచ్చింది. పొలుసు పొలుసుగా కాదు, ఎండకి కాలిన వీపు మీద తోలు వచ్చినట్టు అరచేయంత. కింద ఆ సబ్బు రంగు.

ఆయన ఆ టేపుని అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు అన్నీ కడిగావు కదా," అన్నారు. అనుమానంతో కాదు. తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు.

"కడిగాను."

"అయితే అడుగు పూత చెడిపోయింది. వానల్లో డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు. నా తప్పే."

ఎడమ రెక్క మీదా, తోక మీదా టేపు అంటించి లాగి చూశారు. ఊడలేదు. అయినా ఆయన నమ్మలేదు. "అదే డబ్బా, అదే పూత. ఇవాళ ఊడకపోతే ఆ రోజు ఊడుతుంది, పదకొండు మంది ముందు. మొత్తం తీసెయ్యాలి."

జూలై 31

యార్డుకి సెలవు పెట్టారు. థిన్నర్‌తో తోక రంగు తీస్తున్నారు. ఇల్లంతా ఆ వాసన. అత్తయ్య కిటికీలన్నీ తెరిచి నన్ను కూరగాయలకి పంపింది. ఇంట్లో కూరగాయలు ఉన్నాయి.

ఆగస్టు 1

చెప్పలేదు.

ఆగస్టు 2

ఇవాళ కూడా. తోక బోసిపోయింది. ఏ తప్పూ చెయ్యని తోక. రేపు ఎడమ రెక్క మొదలుపెడతారు. అదీ ఏ తప్పూ చెయ్యలేదు. ఆయన వేళ్ళు ఎర్రగా వాచాయి. చాప్‌స్టిక్స్ జారిపోతున్నాయి. "రేపు నువ్వూ రా. ఇద్దరం అయితేనే అవుతుంది," అన్నారు.

నన్ను పిలిచారు. ఎప్పుడూ పిలవాలనే కోరుకున్నాను.

ఆగస్టు 3, శనివారం

గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన నాకోసం రబ్బరు తొడుగులు పక్కన పెట్టి ఉంచారు. చిన్న సైజు. ఎక్కడో వెతికి కొన్నట్టున్నారు.

"రా. తొడుగులు వేసుకో."

"రాను."

ఆయన తలెత్తారు. ఈ ఇంట్లో నేను ఆ మాట ఇంతవరకు అనలేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"ఎడమ రెక్క ముట్టుకోకండి. పూత చెడిపోలేదు. కుడి రెక్క నేను కడగలేదు. అదొక్కటే."

థిన్నర్ గుడ్డ ఆయన చేతిలో ఉంది.

"కడిగానన్నావే. రెండుసార్లు అడిగాను."

"అన్నాను."

"తోక మొత్తం తీసేశాను, సుమియో. మూడు రోజులు."

"చూశాను."

"చూస్తూ ఊరుకున్నావా? ఎందుకు?"

"కడుగుతుంటే కళ్ళు తిరిగాయి. ఎందుకు తిరిగాయో చెప్తే మీరు గదిలోకి రానివ్వరు."

"కళ్ళు తిరిగితే గదిలోకి ఎందుకు..." అని ఆగిపోయారు. నా ముఖం చూశారు. నా పొట్ట చూశారు. గుమ్మం మీద ఉన్న నా కాళ్ళు చూశారు.

"మూడు నెలలు దాటింది," అన్నాను.

థిన్నర్ డబ్బా మూత బిగించారు. చేతులు కడుక్కున్నారు, గిన్నెలు తోమే పొడితో, మోచేతుల దాకా, మూడుసార్లు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. లోపలినుంచి గడియ పడింది.

ఆగస్టు 4

తలుపు మీద కాగితం అంటించారు. "లోపలికి రావద్దు." నాకు తెలియాలని చిన్నపిల్లల అక్షరాలతోనే రాశారు.

ఆగస్టు 5

ఆయన చిన్న ట్రక్కులో డబ్బాలన్నీ యార్డుకి తీసుకెళ్ళారు. రెండోసారి వచ్చి విమానాన్ని తీసుకెళ్ళారు. దుప్పటి కప్పి, తాళ్ళు కట్టి. నాతో మాట్లాడలేదు. కోపమా? నా మీద రావాల్సిన కోపం అంతా వచ్చినట్టు లేదు. ఇంకా దాచి ఉంచారా? అన్నం తినేటప్పుడు చేపముక్క నా గిన్నెలో పెట్టారు. కోపంలో ఎవరైనా చేపముక్క పెడతారా? అలవాటుగా పెట్టారేమో. కానీ ఇంతకు ముందెప్పుడూ పెట్టలేదు.

ఆగస్టు 6

అత్తయ్య నన్ను పట్టుకుంది.

"ఏమైందే? విమానం పుట్టింటికి వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయింది. పోట్లాడుకున్నారా? మీరిద్దరూ పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా."

చెప్పాను. కడగని సంగతి చెప్పాను. రెండోది చెప్పబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

"అది నాకు తెలుసు. రెండు నెలలుగా అన్నం ఆవిరికి మొహం తిప్పుకుంటున్నావు. నేను గేట్‌బాల్ ఆడేదాన్నే గానీ గుడ్డిదాన్ని కాదు."

"మరి ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నాకు చెప్పాల్సింది నువ్వు. నువ్వు వస్తావని నేను చూశాను. నేను అడుగుతానని నువ్వు చూశావు. ఈలోగా నువ్వు ఆ గదిలో ఊపిరి పీల్చావు." అంటూ లేచి సంచీ భుజాన వేసుకుంది. "నేనూ తప్పే చేశాను. లే, చెప్పులు వేసుకో."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తెర మీద చిన్న ఆకారం, దాని నడుమ చుక్క. అది కొట్టుకుంటోంది. డాక్టరమ్మ బాగా తిట్టింది. ఇప్పటికి బాగానే ఉందంది. "ఇప్పటికి" అంది. ఆ మాటని దారంతా తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏ వైపు నుంచి చూడాలో తెలియలేదు.

తిరిగి వస్తూ ఇద్దరం ఉడోన్ నూడుల్స్ తిన్నాం. అత్తయ్య తన గిన్నెలో గుడ్డు నాకు వేసింది. ఈ ఇంట్లో అందరూ నా గిన్నెలో ఏదో ఒకటి వేస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆగస్టు 8

రెండు రోజులుగా తుఫాను గాలి, వాన. తడిగాలిలో రంగు వెయ్యలేరు. ఆయన యార్డు నుంచి ఆలస్యంగా వస్తున్నారు. స్నానం చేసి, జుట్టు రెండుసార్లు రుద్దుకుని, అప్పుడే నేనున్న గదిలోకి వస్తున్నారు. వచ్చి దూరంగా కూర్చుంటున్నారు.

దూరంగా కూర్చోవడం వాసన వల్లా, నా వల్లా?

ఆగస్టు 9

వాన ఆగలేదు.

ఆగస్టు 10, శనివారం

పొద్దున సూటు వేసుకుని వెళ్ళారు. నన్ను రమ్మనలేదు. సాయంత్రం నాలుగింటికి వచ్చారు, ఉత్త చేతులతో. విమానం తాతగారింట్లో ఉంది.

వరండాలో కూర్చున్నారు. నేను టీ తెచ్చి వెనక్కి తిరగబోతే, "కూర్చో," అన్నారు. కూర్చున్నాను.

"తోక మాత్రం అయింది. కుడి రెక్క అవలేదు. రంగు తీసేసి కడిగాను, పైన వెయ్యడానికి వాన ఒప్పుకోలేదు. ఒట్టి రెసిన్‌తోనే తీసుకెళ్ళాను."

"నా వల్ల," అన్నాను.

ఆయన కాదనలేదు.

"తల వంచి క్షమాపణ అడిగాను. తాతగారు వినలేదు. ఎడమ రెక్క తడిమారు, కుడి రెక్క తడిమారు. మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. అందరినీ పిలిచారు. 'రండిరా, చెయ్యి పెట్టి చూడండి. యుద్ధం ఆఖరి వేసవిలో అడుగు పూత ఎక్కడిది మనకి? ఉప్పు కడుగుతుంటే రంగు అరచేతికి ఊడి వచ్చేది గుర్తుందా?' అన్నారు. ఒకాయన రెక్క మీద చెయ్యి పెట్టి ఏడ్చారు. 'ఇది నీకెవరు చెప్పారు నాయనా?' అన్నారు తాతగారు."

"మీరేమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు, మా ఇంట్లో కడగడం మర్చిపోయాం అన్నాను."

"వాళ్ళు సంతోషించారు కదా. అలాగే ఉంచకపోయారా?"

"వాళ్ళు సంతోషించారు. నాకు మాత్రం అది కడగని రెక్కే. చలికాలం వెళ్ళాక తెచ్చి రంగు వేస్తానని చెప్పాను. తాతగారు ముట్టుకుంటే ఊరుకోనన్నారు."

ఆయన టీ గ్లాసు పక్కకి జరిపారు.

"ఇంకెప్పుడూ కడిగానని చెప్పకు," అన్నారు. "కడగకపోతే."

"చెప్పను."

"నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా ఉంది. తోకకి కాదు. నువ్వు లోపల కూర్చున్న రోజులకి. ఒక్కొక్క రోజూ లెక్కపెట్టాను."

నేనూ లెక్కపెట్టుకున్నానని చెప్పలేదు. నా లెక్క వేరు.

అప్పుడు లేచి నన్ను ఆరు చాపల గది దాకా తీసుకెళ్ళారు. కాగితం తీసేశారు. లోపల ఏమీ లేదు. చాపలు మార్చారు, కొత్త గడ్డి రంగు. కిటికీలు ఆరు రోజులుగా తెరిచే ఉన్నాయట. నేను ఆ వైపు చూడటానికే భయపడ్డాను కాబట్టి తెలియలేదు.

"నా ముక్కు చచ్చిపోయింది. నువ్వు చూసి చెప్పు. వాసన వస్తోందా?"

లేదు అనాలనిపించింది. అంత ఆశగా అడిగారు. నోటి దాకా వచ్చింది. అంటే లోపల కూర్చోవచ్చు, ఇద్దరం, ఇప్పుడే.

"వస్తోంది," అన్నాను. "కొంచెం. ఆ మూల నుంచి."

"అయితే వద్దు. ఇంకో వారం చూద్దాం."

తలుపు వేసేశారు. మళ్ళీ గుమ్మం బయటే అనుకున్నాను. కానీ ఆయన లోపలికి వెళ్ళలేదు. బయటే నిలబడి తలుపు వేశారు. ట్రక్కులోంచి దేవదారు దిమ్మ ఒకటి, ఉలి ఒకటి తెచ్చి వరండాలో నేను కూర్చున్న చోటే పెట్టారు. ఇక మీద చెక్కతోనే, రెసిన్ పొయ్యడం లేదట. ఏం చేస్తారని అడిగితే, "ఇంకా తెలియదు. నువ్వు ఆ కొస గట్టిగా పట్టుకో," అన్నారు.

పట్టుకున్నాను. పొద్దు గూకేదాకా చెక్కారు. ఏ ఆకారమూ రాలేదు. అత్తయ్య వచ్చి, "దీన్ని కూడా తొట్టిలో స్నానం చేయిస్తారా?" అంది.

ఆయన కోపం పోయిందో లేదో ఇప్పటికీ తెలియదు. అడగను. లేదు, అడుగుతాను. రేపు.

ఏమండీ, ఈ పుస్తకం ఎప్పుడైనా మీ కంటపడితే, చదవకుండా తగలబెట్టెయ్యండి. చదివేసి ఉంటే చదవలేదని మాత్రం నాతో చెప్పకండి. ఇంట్లో తగలబెట్టొద్దు, దూరంగా ఒడ్డుకి తీసుకెళ్ళండి. ఈ కాగితాలన్నిటికీ థిన్నర్ వాసన పట్టింది. ఆ పొగ బిడ్డకి మంచిది కాదు.